నురుగు గూటి కింద కొర్రమీను

మగ చెట్టుకప్పకి అంత గొంతిచ్చిన దేవుడు, దాన్ని ఎక్కడ వాడాలో కాస్త తెలివి కూడా ఇచ్చుంటే ఈ కథ చెప్పే పని నాకు ఉండేది కాదు.

జామతోట చివర ఒక లోతైన కుంట, దాని గట్టుకి అవతల గేదె నల్లమ్మ పొర్లే చిన్న మడుగు ఉండేవి. చెట్టుకప్పలు ఎప్పుడూ మడుగు మీది కొమ్మలకే గూళ్ళు కట్టేవి. ఆడకప్ప వెనక కాళ్ళతో చిలికి చిలికి తెల్లటి నురుగు చేసి, అందులో గుడ్లు పెట్టి ఆకులకి అంటిస్తుంది. మూడు నాలుగు రోజులకి వాన పడితే నురుగు కరిగి పిల్లలు కింది నీళ్ళలోకి జారతాయి. మడుగులో చేపల్లేవు కాబట్టి అవి బతికేవి. కుంటలో మాత్రం కొర్రమీను కోటయ్య ఉన్నాడు. మిగతా చేపలన్నీ ఎప్పుడో ఆయన కడుపులోకే వెళ్ళిపోయాయి.

ఆ ఏడు పేరయ్య అనే మగకప్ప కుంట మీది కొమ్మెక్కి కూశాడు. ఆ కూత విని పెళ్ళాం మాణిక్యం వచ్చి అక్కడే గూడు కట్టింది. తెల్లారి కిందికి చూస్తే, సరిగ్గా గూటి కిందే కోటయ్య నోరు తెరుచుకుని ఉన్నాడు.

"ఏవయ్యా! తోటలో ఇంకో కొమ్మే లేనట్టు ఇక్కడ కూశావా?"

"కోటయ్య బాబాయే చెప్పాడే. నాలుగు రోజులు ఎండ కాస్తే మడుగు బురదేనన్నాడు. పైగా ఇక్కణ్ణించి కూస్తే నా గొంతు నీళ్ళ మీద గంటలా మోగుతుందన్నాడు."

"మోగింది. భోజనాల గంటలా మోగింది! మూడొందల గుడ్లయ్యా అవి!"

"పోనీ, గూడు పీకి అవతల పెడదాం."

"నురుగుని పీకుతావా? ఏదీ, పీకు చూస్తా."

పేరయ్య వేలు పెట్టాడు. వేలు అంటుకుపోయింది. విడిపించడానికి మాణిక్యానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

"కంగారెందుకమ్మాయ్?" కింద నుంచి తియ్యగా అన్నాడు కోటయ్య. "పిల్లలు నా దగ్గరికేగా వచ్చేది. నేను చూసుకోనూ?"

మాణిక్యానికి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఓదారుస్తానని పేరయ్య మళ్ళీ కూత మొదలెడతాడేమోనని భయపడి దిగమింగుకుంది.

మూడో రోజు మబ్బు పట్టి సన్నగా తుంపర మొదలైంది. నురుగులో పిల్లలు కదులుతున్నాయి. మాణిక్యం గట్టు అవతలికి చూసింది. మడుగు మీది కొమ్మలకి పోయిన వానలనాటి గూళ్ళు ఇంకా వేలాడుతున్నాయి. వాటిలోని పిల్లలు ఎప్పుడో దిగి, కాళ్ళొచ్చి, చెట్లెక్కేశాయి. మిగిలింది ఎండు తొక్కలే. ఆమె కోటయ్యకి వినపడేలా మొగుడి మీద విరుచుకుపడింది.

"చూడవయ్యా, మా అక్కచెల్లెళ్ళంతా అక్కడే కట్టుకున్నారు. పది గూళ్ళు! ఇవాళ కాకపోతే రేపు అన్నీ రాలతాయి. మనదొక్కటే ఈ దిక్కుమాలిన చోట."

"అవి ఖా..." అనబోయాడు పేరయ్య. మాణిక్యం అతని నోటి మీద కాలేసి నొక్కింది. చెట్టుకప్ప వేళ్ళు దేన్నైనా అంటుకుంటాయి కదా, ఆ నోరు ఇక తెరుచుకోలేదు.

పది గూళ్ళనగానే కోటయ్య తల ఎత్తాడు. గట్టు తడిగా ఉంది. తడి నేల మీద పాకడం కొర్రమీనుకి కొత్తేం కాదు. ముందు అవి తినొచ్చి, తర్వాత దీని సంగతి చూద్దామనుకుని గట్టెక్కి, అవతల మడుగులోకి దొర్లాడు.

కాసేపటికి కుండపోతగా పడింది. మాణిక్యం పిల్లలన్నీ కోటయ్య లేని కుంటలోకి జారి, తోకలాడించుకుంటూ పోయాయి. అవతల కోటయ్య వానంతా నోరు తెరుచుకునే ఉన్నాడు. ఎండు తొక్కలు తప్ప ఏమీ రాలలేదు. "రేపు" అందిగా అని ఆగాడు. తెల్లారి ఎండ కాసింది. మర్నాడూ కాసింది. గట్టు ఎండిపోయింది. నల్లమ్మ పొర్లి పొర్లి ఉన్న నీళ్ళు కూడా బయటికి చిమ్మేసింది. నాలుగో రోజుకి కోటయ్య వీపు దాకా బురదలో ఉన్నాడు.

"అమ్మాయ్! మళ్ళీ కుంటలోకి వచ్చే దారి చెప్పు తల్లీ!"

"నేనేం చెప్పను బాబాయ్? నాలుగు రోజులు ఎండ కాస్తే మడుగు బురదేనని మీరే చెప్పారుగా."

అంతలో గేదెని తోలుకెళ్ళడానికి వచ్చిన ఆసామి బురదలో కదులుతున్న కోటయ్యని చూసి తలగుడ్డ విప్పాడు.

"భలే చేశావే!" అన్నాడు పేరయ్య. "ఈ సంతోషంలో ఒక్కసారి కూయనా?"

"ముందు ఆ కొమ్మ దిగు," అంది మాణిక్యం.

ఎదుటివాళ్ళని ముంచడానికి చెప్పిన మంచిమాట, ఆశ పుట్టినప్పుడు చెప్పినవాడికే గుర్తుండదు.