వెండి రేకు పనసకాయ

కందిపాడు అనే రాజ్యాన్ని వెనకటికి వీరభూపాలుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు గాని, తనకు తెలియని విద్య భూమ్మీద లేదని ఆయన నమ్మకం. ఒక్క పనసపండు విషయంలో మాత్రం ఆ నమ్మకం నిజమే. ఆయన వేలి కణుపుతో తట్టి చూసి "ఊఁ" అనందే కోట వంటశాలలో పనసపండు కోసేవారు కాదు.

ఒకనాడు ఓ వర్తకుడు రెండు వీణలు తెచ్చాడు. ఒకదానికి ఒళ్ళంతా దంతపు నగిషీ, కొమ్ము చివర చెక్కిన యాళి బొమ్మ కళ్ళకు కెంపులు. రెండోది వట్టి పనస కర్ర. ఆస్థాన వైణికురాలు రంగసాని రెండూ మీటి చూసి, "ప్రభూ, నగల వీణలో నాదం లేదు. ఆ రెండోది ఇప్పించండి" అంది.

రాజుగారికి చిర్రెత్తుకొచ్చింది. "మేం చూసి మెచ్చిన వీణకు వంక పెడతావా? లోపం నీ వేళ్ళలో ఉంది. పున్నమి కచేరీలో దీన్నే పలికించు. పలకలేదో, ఆస్థానంలో నీకు చోటు లేదు!"

ఆ కొలువులోనే జుట్టు నెరిసిన రంగసాని తన వేళ్ళ వంక చూసుకుంది. విదూషకుడు అక్కుభట్టు ఆమె ముఖం చూశాడు. అందరినీ నవ్వించే మనిషికి ఆ రోజు నవ్వు రాలేదు. ఈ బేరం చెడగొట్టందే ఇంటికి వెళ్ళకూడదని గట్టిగా అనుకున్నాడు. ఎదురు చెబితే రాజుగారు ఇంకా బిగుసుకుంటారని అతనికి తెలుసు. అందుకే చప్పుడు చేయకుండా వంటశాలకు నడిచాడు.

కాసేపటికి రెండు పనసకాయలు మోయించుకొచ్చాడు. ఒకదానికి వెండి రేకు చుట్టి, మల్లెదండ వేశాడు. రెండోది ముళ్ళు నల్లబడి, మట్టి కొట్టుకుని ఉంది.

"ప్రభూ, వీణ కొంటున్న శుభవేళ నోరు తీపి చేసుకోవాలి. ఈ వెండిది కోయించనా?"

"ఆగు!" రాజుగారు సింహాసనం దిగి వచ్చి రెండింటినీ తట్టారు. "వినపడటం లేదూ? వెండిది పచ్చికాయ. ఈ మట్టిదే పండింది."

"అయ్యో, అంత అందమైన రేకు తమ కంటికి ఆనలేదా?"

"రేకు తింటామా, తొనలు తింటామా? పనసను చెవితో చూడాలయ్యా, కంటితో కాదు!"

అక్కుభట్టు చేతులు కట్టుకున్నాడు. "చిత్తం. ఈ రెండు వీణలూ పనస చెట్టు కొట్టి చేసినవే ప్రభూ. కాయను చెవితో చూసిన తమరు మానును మాత్రం కంటితో చూసి ఊరుకున్నారు. ఆ వేలితోనే వీటినీ తట్టండి. ఆపైన కూడా రంగసానిని పంపేస్తే, ఆమె వెనకే నేనూ పోతాను."

రాజుగారు తట్టారు. నగల వీణ గోడను తట్టినట్టు మూగగా ఉండిపోయింది. వట్టి వీణ ఖంగుమంది. దాని తంతులు కూడా సన్నగా మోగాయి. దంతం నిలవడం కోసం కర్రను దళసరిగా వదిలేశామని వర్తకుడు తల దించుకుని ఒప్పుకున్నాడు.

రాజుగారు మీసం దువ్వుకుని పకపకా నవ్వేశారు. "రంగసానీ, నీ వేళ్ళను నిందించడం మా పొరపాటు. నీ వీణ నువ్వు తీసుకో" అని, అక్కుభట్టు మెడలో తన హారం వేశారు. అంతటితో ఊరుకోక, అతని గుండు మీద అదే వేలితో టకటకా తట్టి చెవి ఒగ్గారు.

"ఇది బాగా పండిందేనయ్యా!"

బదులుగా రాజుగారి తల కూడా తట్టి చూడాలని అక్కుభట్టుకి చెయ్యి దురద పెట్టింది. కొత్త హారం పడ్డ మెడ గుర్తొచ్చి, ఆ చేత్తోనే దండం పెట్టి, పచ్చి పనసకాయను కూరకి ఇంటికి మోయించుకుపోయాడు.