కొండమలుపులో ఆగని బండి

రెండు వేల తొమ్మిదో సంవత్సరం, రోళ్లు పగిలే ఎండాకాలం. కొండల అవతలి దర్గాలో ఉరుసు దగ్గర పడింది. మౌలాలి సామి అరికాలి పుండు మాత్రం మానలేదు.

సామి చక్కెర జబ్బు మనిషి. ఈ కాలితో నడిస్తే కాలే పోతుందని నంద్యాల డాక్టరు మొహం మీదే చెప్పాడు. సామి చూస్తే ఏటా ఉరుసుకు నడిచే పోతాడు. ఫకీరు అయిన నాటి నుంచీ ఆ దారిన బండి ఎక్కి ఎరగడు. ఇప్పుడెలా అన్నదే శిష్యుడు మద్దిలేటికి పట్టుకున్న బెంగ.

మద్దిలేటిది బేతంచెర్ల. నాపరాళ్లు తోలే లారీలున్నాయి. క్లీనరుగా మొదలై స్టీరింగు పట్టి, సొంత బండ్లు కొనుక్కున్నవాడు. సామి దగ్గర చేరి రెండేళ్లు కూడా కాలేదు. సామితో కలిసి ఆ దారిన ఎప్పుడూ నడవలేదు. ఉరుసుకు జీపులో నేరుగా పోయి దిగేవాడు.

అతను ఒక పాత మినీ బస్సు కొని, బాడీ కట్టే షెడ్డులో దానికి ఇల్లు కట్టించాడు. లోపల పడుకోవడానికి రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, వెనక మూల మరుగుదొడ్డి, పైన నీళ్ల ట్యాంకు. సామి కాలు చాపుకుని పడుకుంటే చాలు, ఇల్లే దర్గాకు పోతుంది.

సామి దగ్గర ముప్పై ఏళ్లుగా ఉన్న పరుపుల పీరయ్య దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఇల్లు కట్టి చక్రాలు పెట్టినావు మద్దిలేటన్నా. గృహప్రవేశం ఏ ఊర్లో చేస్తావు?"

"నవ్వుకో మామా. ఇది ఎంత ఇస్తుందో తెలిస్తే నువ్వే నోరు మూసుకుంటావు."

ఎంత ఇస్తుందంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని. మద్దిలేటి గర్వం బండి మీద కాదు, ఆ మైలేజీ మీద. బండి ఎవడైనా కొంటాడు, తాగించకుండా నడపడం విద్య అనేవాడు. టైర్లలో గాలి దగ్గరుండి కొట్టించాడు. బరువు తగ్గాలని పైట్యాంకులో సగం నీళ్లు పారబోశాడు. తక్కిన శిష్యులను ఆర్టీసీ బస్సులో పొమ్మన్నాడు. పీరయ్యను కూడా పొమ్మనేవాడే, సామికి మందు రాసేవాడు ఇంకొకడు లేక ఎక్కనిచ్చాడు.

సామి బండిని చూశాడు. మద్దిలేటి మొహం చూశాడు. ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు.

దారంతా మద్దిలేటి స్టీరింగును పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. యాభై దాటనివ్వలేదు. ఏసీ డీజిలు తాగుతుందని ముట్టలేదు. బ్రేకు మీద కాలేస్తే కాలిన డీజిలు మట్టిలో పోసినట్టేనని సామికి చెప్పుకుంటూ వచ్చాడు. కొండ ఎక్కాక దిగువ మొదలైంది. బండిని న్యూట్రల్‌లో వేసి వదిలేశాడు. లారీవాళ్లకు అదొక పాత అలవాటు, ప్రమాదమని తెలిసినా పోదు. దిగువలో వచ్చిన ఊపుతో ఎదురుగా ఉన్న గుట్టను సగం ఎక్కేయొచ్చు. ఆ సగం ఊరికే వచ్చినట్టు.

వెనక మంచం మీద పీరయ్య గురకపెడుతున్నాడు.

"కింద మలుపులో నిలుపు నాయనా," అన్నాడు సామి.

"ఇక్కడ ఆపితే ఊపు పోతుంది సామీ. మళ్లీ ఫస్టు గేరులో గుట్ట ఎక్కాల. తాగేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు నిలుపుదాం."

సామి ఏ మాటైనా ఒక్కసారే చెప్తాడు.

మలుపులో కల్వర్టు పక్కన ఒక ముసలమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం, రెండో చెయ్యి పైకెత్తి ఉంది. బండి ఆమెను దాటిపోయింది. అద్దంలో ఆమె రెండడుగులు రోడ్డు మీదికి రావడం మద్దిలేటి చూశాడు. తర్వాత గుట్ట వచ్చింది. బండి అనుకున్నట్టే సగం దాకా ఊపుతో ఎక్కింది. అతని మనసు దాంతో పాటే ఎక్కింది.

దర్గాకు పొద్దుండగానే చేరారు. సామి ఆ పూట ఏమీ తినలేదు. ప్రయాణం పడలేదేమో అనుకున్నాడు మద్దిలేటి.

తెల్లారి బంకుకు పోయి ట్యాంకు మూత దాకా నింపించి, ఎంత పట్టిందో చూసుకుని, నవ్వు మొహంతో తిరిగొచ్చాడు. అప్పటికే బండి చుట్టూ ఉరుసుకొచ్చిన జనం మూగి, లోపలికి తొంగి చూస్తున్నారు.

"పదకొండు ఇచ్చింది!" అన్నాడు అందరికీ వినబడేటట్టు. "ఇంత బరువేసుకుని పదకొండు! లాడ్జి లేదు, హోటలు లేదు, ఒకర్ని ఇంత అన్నం పెట్టమని అడిగే పని లేదు. నీళ్లకు కూడా ఒకరి గడప తొక్కలేదు. నాలుగు రోజుల నడక ఒక్క పూటలో తెచ్చినా. సామీ, మీరే చెప్పండి, ఏమన్నా ఖర్చయిందా?"

చాప మీద కూర్చున్న సామి తలెత్తాడు.

"తెలీదు నాయనా. పోయి అడిగొస్తా."

చేతికర్ర అందుకున్నాడు. పుండు కట్టు మీదనే చెప్పు తొడుక్కుని, వచ్చిన దారినే వెనక్కి నడక మొదలుపెట్టాడు.

మద్దిలేటికి ఏమీ అర్థం కాలేదు. పీరయ్య వైపు తిరిగాడు. పీరయ్య మొహంలో రంగు లేదు.

"నిన్న మలుపులో నిలిపినావా లేదా?"

"లేదు. నువ్వు పడుకొంటివి. ఏం, ఆ ముసలమ్మ ఎవరు?"

"ఉసేనమ్మ. ఆమె పెద్దకొడుకు ఈ ఉరుసు రోజుల్లోనే పోయినాడు. ఏటా వాని పేర రొట్టె, బెల్లం కలిపి మలీదా చేసి సామి దారి కాస్తుంది. సామి దాని మీద వాని ఆత్మశాంతికి ఫాతిహా చదివేదాకా ఆమె గానీ, కోడలు గానీ మెతుకు ముట్టరు. సామీ అంతే, ఆ ముద్ద తిన్నాకనే ఇంకేమన్నా తింటాడు. నిలపమని సామి చెప్పలేదా నీకు?"

మద్దిలేటి తలెత్తి చూశాడు. చుట్టూ ఉన్న జనం అతన్నే చూస్తున్నారు. ఇందాక ఎంత గట్టిగా అరిచాడో అప్పుడు గుర్తొచ్చింది.

పరుగున పోయి బండి తీశాడు. ఊరి బయట సామిని అందుకున్నాడు.

"సామీ, తప్పయింది. ఎక్కండి. మీ కాలికి దండం పెడతా, ఎక్కండి."

సామి నిలవలేదు. "నేను నడిచి పోయే చోటు అది. నువ్వు తోలుకో నాయనా."

ఏం చేస్తాడు? ముందుకు పోలేడు, వెనక్కి పోలేడు. ఫస్టు గేరులో వేసి, మనిషి అడుగుకు అడుగుగా వెనకే తోలాడు. క్లచ్చు మీద కాలు వణుకుతోంది. ఇంజను గొణుగుతోంది. ఎదురొచ్చే లారీల వాళ్లు కుంటుతూ నడిచే ముసలి ఫకీరును, అతని వెనక ఖాళీ ఇంటిని చూసి హారను కొట్టారు. ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం రా, పెద్దాయన లాగుతున్నాడా నీ బండి?" అని అరిచాడు. మద్దిలేటి తల దించుకున్నాడు. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టాడు, బేతంచెర్ల వాడే.

గుట్ట మొదలైన చోట సామి ఊపిరి తీసుకోవడానికి కిటికీ పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడెంత ఇస్తాంది?" అని అడిగాడు. ఎగతాళి కాదు, కుశలం అడిగినట్టే అడిగాడు.

మద్దిలేటి డీజిలు ముల్లు వైపు చూసి తల తిప్పుకున్నాడు.

గుట్ట సగంలో రేడియేటరు మరిగి పొగ చిమ్మింది. పైట్యాంకులో మిగిలిన నీళ్లన్నీ పోసినా చల్లబడలేదు. బండిని రోడ్డు పక్కనే వదిలి, సామి వెనక నడిచాడు. తారు మీద సామి చెప్పు పడిన ప్రతి చోటా తడి మరక కనిపించింది. మొదట చెమట అనుకున్నాడు. తర్వాత అనుకోలేదు. మోస్తానని అడ్డం పడితే సామి కర్రతో పక్కకు తోశాడు.

ఉసేనమ్మ కల్వర్టు మీదనే ఉంది. పక్కన కోడలు కొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది. పళ్లెం ఒళ్లోనే ఉంది. సామిని చూసి ఇద్దరూ లేచారు. లేవడంలో ముసలామె తూలింది, కోడలు పట్టుకుంది.

"వచ్చినావా సామీ! కాలు బాగలేదని విన్యా, అందుకే ఆలస్యమనుకుంటి. నిన్న ఒక బస్సు పోతాంటే చెయ్యెత్తితి, మా సామి యాడన్నా కనపడినాడా అని అడుగుదామని. వాడు నిలపలా." అని మద్దిలేటి వైపు చూసింది. "ఈయప్ప ఎవరు?"

సామి ఆమె కింద పెట్టిన పళ్లెం ముందు కూర్చుని కళ్లు మూసుకున్నాడు. జవాబు చెప్పాల్సింది తానేనని మద్దిలేటికి తెలిసింది.

"ఆ బస్సు నాదేనమ్మా," అన్నాడు. "సామి అందులోనే ఉండె."

ఉసేనమ్మ సామి కాలి వైపు చూసింది. చెప్పు ఎర్రగా ఉంది.

"బండి పెట్టుకోని," అంది మెల్లగా, "సామిని నడిపిచ్చుకొస్తివా నాయనా?"

సామి ఫాతిహా చదవడం మొదలుపెట్టాడు. చదవడం అయ్యాక ఉసేనమ్మ ఒక ముద్ద సామికి పెట్టింది. రెండో ముద్ద మద్దిలేటి చేతిలో పెట్టింది. రాత్రంతా ఉండి ఎండిపోయిన మలీదా అది. అతను దాన్ని నోట్లో పెట్టుకుని, మింగలేక, అలాగే తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ నెల చివర నంద్యాల ఆసుపత్రిలో మౌలాలి సామి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.