కుంకుడుకాయ తీపి ఎటుపోయింది?

ఒకప్పుడు కుంకుడుకాయ తియ్యగా ఉండేది. అబద్ధం కాదే అమ్మడూ, ఆ మూతి తిప్పుడేంటి? పీట మీద కుదురుగా కూర్చో. నీ తలంటు అయ్యేలోపు ఈ అత్త కథ కూడా అయిపోతుంది. కళ్ళు మాత్రం తెరవకు. తెరిచి మండిందన్నావంటే నాకు సంబంధం లేదు.

తియ్యగా అంటే అలాంటి ఇలాంటి తీపి కాదు. కాయ పండితే చాలు, చిలకలు వచ్చేవి, ఉడతలు వచ్చేవి, కోతులు వచ్చేవి. పిల్లలైతే చెట్టు కిందే కాపురం పెట్టేవాళ్ళు. అప్పట్లో చెరుకు ఉత్త చప్పటి గడ్డి. వాగులో నిలబడి గాలికి ఊగడం తప్ప దానికి వేరే పని లేదు. బెల్లం కావాలంటే కుంకుడు గుజ్జే కాచుకోవాలి. పాయసంలోకి ఆ బెల్లమే. దగ్గొస్తే శొంఠిపొడిలో కలిపి నాకించేదీ ఆ బెల్లమే. ఎండన పడి వచ్చిన చుట్టానికి మంచినీళ్ళతో పాటు చేతిలో పెట్టేదీ ఆ బెల్లమే.

అందుకని కుంకుడుచెట్టుకి కాస్త గర్వం. కాస్తేమిటిలే, బోలెడు గర్వం. "నేనే లేకపోతే మీ గతేమిటి?" అని వచ్చినవాళ్ళందరినీ అడిగేది. తింటున్న నోళ్ళు కదా, "ఇంకేముంది, నోరు చప్పబడి పోయేవాళ్ళం" అనేవి అన్నీ.

ఆ వాగు ఒడ్డునే ముత్యాలు అనే పిల్ల ఉండేది. నీ ఈడుదే. వాళ్ళమ్మ పేరు అప్పాయమ్మ. ముత్యాలుకి పూలజడ అంటే ప్రాణం. పైనుంచి కిందదాకా మల్లెమొగ్గలు కుట్టించుకుని, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ నడవాలని దాని ఆశ. అడిగినప్పుడల్లా "ముందు జుట్టు నడుం దాటనీ" అనేది తల్లి. పాపం ఆ పిల్ల రోజూ గోడకి ఆనుకుని, జుట్టు ఎక్కడిదాకా వచ్చిందో చేత్తో తడుముకునేది. ఆ వేసవికి దాటింది. "రేపు మొగ్గలు తెస్తాను, పూలజడ కుడతాను, సరేనా?" అంది అప్పాయమ్మ.

ఇంకేం, పిల్లకి కాళ్ళు నేల మీద ఆగలేదు. ఆ సంబరంలో ఉట్టి మీద బెల్లం అచ్చు కనపడింది. రోలు ఎక్కింది, అందుకుంది, ఇంత ముక్క విరిచింది. సరిగ్గా నోట్లో పెట్టుకోబోతుంటే అమ్మ వస్తున్న చప్పుడు! నీ గౌనుకున్నట్టు దానికి జేబులున్నాయా? గబుక్కున జుట్టంతా పైకి తీసి ముడి చుట్టేసింది. ఆ ముడి మధ్యలో బెల్లం దోపేసింది.

నువ్వు నవ్వుతున్నావు గానీ, నిన్న పటికబెల్లం ఎక్కడ దాచావో నాకు తెలియదనుకోకు.

అప్పాయమ్మ వచ్చింది. మాగాయ పెడుతోందేమో, కొంగు చివర గుప్పెడు కల్లుప్పు మూటకట్టుకుని ఉంది. "ఇక్కడేం చేస్తున్నావే? మామిడి ముక్కలు ఎండబోశాను. పో, కాకులు రాకుండా కాపలా కూర్చో" అంది. ముత్యాలు గుడ్లప్పగించి తలూపి బయటికి పోయింది.

బయట రోహిణీకార్తె ఎండ. కొప్పులో బెల్లం. ఏమవుతుందంటావు? అదే అయింది. ముందు మెడ వెనక ఏదో వెచ్చగా జారినట్టు అనిపించింది. తర్వాత జిగటగా అనిపించింది. చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళు జుట్టుకే అతుక్కున్నాయి.

"ఒసేయ్, రండే, రండే! దారి దొరికింది!" అని మెడ దగ్గర చిన్న గొంతు. ఎర్రచీమ! దాని వెనక దాని చెల్లెళ్ళు, పిన్నులు, పెద్దమ్మలు, ఊరు ఊరంతా. ముత్యాలు "అమ్మోయ్" అని పెట్టిన కేకకి కాకులు కూడా ఎగిరిపోయాయి.

అప్పాయమ్మ పరిగెత్తుకొచ్చి చూసి నెత్తీ నోరూ కొట్టుకుంది. జడ లేదు, పాయ లేదు, అంతా కలిసి ఒకటే ముద్ద. నీళ్ళు పోసింది. బెల్లం ఇంకా పాకమై పైనుంచి కిందదాకా పాకింది. బూడిద రుద్దింది. బూడిద వచ్చి బెల్లంతో పాటు తనూ అక్కడే కూర్చుంది. శనగపిండి పట్టించింది. పాకంలో శనగపిండి పడితే ఏమవుతుంది? ఆఁ, మైసూరుపాకు! పిల్ల నెత్తి మీద మైసూరుపాకు తయారైంది. చీమలకి పండగే పండగ.

ఆ రోజుల్లో తల రుద్దుకోవడానికి ఇంతకు మించి ఏమీ లేదమ్మా. షాంపూలా, సబ్బులా?

అప్పాయమ్మ అలిసిపోయి కూలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంక నా వల్ల కాదు తల్లీ. చీమలు నిన్ను పీక్కుతింటుంటే చూడలేను. గుండు చేసేస్తాను" అని కత్తి తేవడానికి లోపలికి పోయింది.

గుండు! రేపు పూలజడ అనుకున్న పిల్లకి ఇవాళ గుండు! ముత్యాలు ఏమీ ఆలోచించలేదు. లేచి ఒకటే పరుగు. వాగు ఒడ్డున కుంకుడుచెట్టు చాటుకి పోయి, మానుకి మొహం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎవరే అది? నా దగ్గరికొచ్చి ఏడ్చినవాళ్ళని నేనింతవరకూ చూడలేదే" అంది చెట్టు.

"అంతా నీ వల్లే!" అంది ముత్యాలు.

"బాగుందమ్మా! నేనేమన్నా వచ్చి నీ కొప్పులో కూర్చున్నానా?"

"నువ్వు కాదు, నీ తీపి కూర్చుంది. దిగమంటే దిగటం లేదు" అని ఆ పిల్ల జరిగిందంతా చెప్పింది. ఇంకా చెబుతూనే ఉంది, చీమ కుట్టింది. "అబ్బా" అని మెడ పట్టుకుంది. తన తీపి ఎవరినైనా ఏడిపిస్తుందని చెట్టుకెప్పుడూ తట్టలేదు.

పక్కనే ఉన్న వాగు గలగలమంటూ కలగజేసుకుంది. "నా నురుగు చూశారా? ఎంత మురికినైనా పట్టుకుని లాక్కుపోతుంది. కానీ నా దగ్గర క్షణం నిలవదు, పుట్టగానే పగిలిపోతుంది. దాన్ని దాచుకునే కాయ ఒక్కటి దొరికితే ఈ పిల్ల జుట్టు చిటికెలో విడిపోదూ!"

"నా కాయల్లో దాచుకో" అంది చెట్టు.

"నీ కాయల్లో చోటేదీ? నిండా తీపే. తీపీ నురుగూ ఒక కాపురం చెయ్యవు. నురుగు కావాలంటే నీ తీపంతా దిగిపోవాలి. మళ్ళీ రాదు, ముందే చెబుతున్నాను."

చెట్టు మెల్లగా అంది. "తీపి పోతే నా దగ్గరికి ఎవరొస్తారు?"



ఇంతలో ఇంటి వైపునుంచి "ముత్యాలూ! ఎక్కడికి పోయావే?" అని అప్పాయమ్మ కేక. చేతిలో కత్తి తళుక్కుమంది. ముత్యాలు చెట్టుని ఇంకా గట్టిగా వాటేసుకుంది. చిన్న చేతులు, చుట్టూ అందలేదు కూడా.

"ఎవరూ రాకపోతే రాకపోనీ. దిగిపో తీపీ!" అంది చెట్టు.

"పారబోయకు, పారబోయకు! నాకియ్యి!" అని అరిచింది వాగులో చప్పటి గడ్డి. అదేనమ్మా, చెరుకు. తీపి కొమ్మల్లోంచి మానులోకి, మానులోంచి వేళ్ళలోకి, వేళ్ళలోంచి వాగులోకి దిగింది. చెరుకు గటగటా తాగింది. గుటక గుటకకీ ఆగి ఊపిరి పీల్చుకుంది, ఆగిన చోటల్లా ఒక కణుపు పడింది. అటు వాగు తన నురుగంతా పోగుచేసి వేళ్ళగుండా చెట్టులోకి ఎక్కించింది.

తీపి దిగిపోతుంటే చెట్టు ఏడ్చింది. ఏడవదూ మరి? ఎంతైనా తనదే కదా. ఆ ఏడుపు కూడా నురుగుతో పాటు కాయల్లో ఇంకిపోయింది.

ఉండు, ఇటు తిరుగు. చెవుల వెనక రుద్దలేదు.

అప్పాయమ్మ వచ్చేసరికి కుంకుడుకాయలు టపటపా రాలాయి. "అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి ఈ కాయలతో రుద్దు. పోకపోతే గుండే చేసెయ్యి, ఏడవను" అంది ముత్యాలు. కూతురి మొహం చూసి అప్పాయమ్మ కత్తి పక్కన పెట్టింది. కాయలు రాతి మీద చితక్కొట్టి, ముంతలో వాగునీళ్ళు పోసి చేత్తో గిలక్కొట్టింది.

నురుగే నురుగు! ముంత నిండి పైకి పొంగింది! అప్పాయమ్మ నోరు తెరుచుకుని చూసింది. తల మీద పోసి రుద్దితే బెల్లం కదిలింది, బూడిద కదిలింది, మైసూరుపాకు కదిలింది. "ఓలమ్మో, జారుతున్నామే!" అనుకుంటూ చీమలన్నీ ఒడ్డుకి జారి పడ్డాయి, ఒళ్ళు దులుపుకుని పుట్టకి పోయాయి. జుట్టు పాయ పాయగా విడిపోయింది. "హమ్మయ్య!" అని తల్లి పెద్దగా నిట్టూర్చింది. పిల్ల సంతోషం పట్టలేక కళ్ళు తెరిచింది.

తెరవొద్దని చెప్పేవాళ్ళు లేరుగా అప్పటికి! రసం కంట్లో పడింది. చెట్టు ఏడుపంతా అందులోనే ఉందాయె. "మంటమ్మోయ్! చచ్చానమ్మోయ్!" అని ముత్యాలు గంతులే గంతులు. అప్పాయమ్మకి మళ్ళీ కంగారు.

అప్పుడు కొంగు మూటలోంచి ఉప్పుకల్లు అరిచింది. "నన్ను దాని నోట్లో వెయ్యి!"

"కంట్లో మండితే నోట్లో ఉప్పేమిటే?" అంది అప్పాయమ్మ.

"కన్నీళ్ళు ఉప్పగా ఉంటాయా ఉండవా? అందులో ఉన్నదీ నేనే కదా! నోట్లో కూర్చుని పిలిచానంటే కంట్లో మంట కిందికి దిగొస్తుంది. వెయ్యమ్మా, ఆలోచిస్తావేం?"

వేసింది. ముత్యాలు చప్పరించింది. గంతులు ఆగాయి. ఏడుపు ఆగింది. మెల్లగా ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. "పోయిందే!" అని నవ్వింది.

మర్నాడు పూలజడ. అప్పాయమ్మ మాట తప్పలేదు. ముత్యాలు వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ నేరుగా కుంకుడుచెట్టు దగ్గరికే పోయింది. చెట్టు దిగులుగా ఉంది. పొద్దున్నే చిలక వచ్చి కాయ కొరికి థూ అని ఊసి పోయిందట. ఉడత అటు తిరిగి చూడలేదట. కోతులు వాగులో చెరుకు దగ్గరికి మకాం మార్చాయట.

"నీ జడ బాగుందే పిల్లా. నువ్వైనా వచ్చావు, అదే చాలు" అంది చెట్టు.

"నేనొక్కదాన్నేనా? అటు చూడు!" అంది ముత్యాలు.

అప్పాయమ్మ బుట్ట పట్టుకుని వస్తోంది. ఆవిడ వెనక పక్కింటావిడ, ఎదురింటావిడ, వాళ్ళ పిల్లలు, తలలు గోక్కుంటూ ఊరు ఊరంతా! కుంకుడుచెట్టు కొమ్మలన్నీ ఒక్కసారి కిందికి వంచేసింది.

ఇదిగో, ఆఖరి చెంబు, పోసేస్తున్నాను. అయిపోయింది! కథా అయిపోయింది, నీ తలంటూ అయిపోయింది. చూశావా, ఇవాళ వీధికి వినపడేలా ఏడవనే లేదు.

అప్పటినుంచే చెరుకుకి తీపి, కుంకుడుకాయకి నురుగు. అప్పటినుంచే కుంకుడుకాయని చిలక కొరకదు, కోతి ముట్టదు, కానీ పూలజడ వేసుకోవాలంటే ఏ పిల్లైనా ముందు ఆ చెట్టుకే చెయ్యి చాపాలి. అప్పటినుంచే ఆ రసం కంట్లో పడితే మంట, నోట్లో ఉప్పుకల్లు పడితే హాయి.

అదిగో, తెరవొద్దంటే తెరిచావా? రా, నోరు తెరువు.