చలిమన్యంలో సూరిదేముడి అరటిచెట్టు

మన్యంలో అన్ని ఊళ్ళకంటే ముందు మంచు దిగే ఊరు చల్దిగూడెం. ఆ ఊళ్ళో ఎర్నమ్మ ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరని ఎర్నమ్మే చెప్పేది. "మాకు ఒక్క మాట చెబితే చాలు, రెండోది అడగం," అనేది. మొగుడు పోలయ్య తలూపేవాడు. కొడుకు సూరిదేముడికి మాత్రం ఆ మధ్య నూకాలు మీదే ధ్యాస. ఆ పిల్ల సంతలో అల్లం పోగుల వెనక కూర్చుని ఒకసారి తలెత్తి చూసింది. అంతే, వీడికి ఆనాటి నుంచి మంచులో కూడా వెన్నెలే.

నూకాలు తండ్రి కన్నబాబు అరటిపిలకలు అమ్మేవాడు. పిల్లనడగడానికి వెళితే, చలికి ఓర్చుకునే రకం పిలక ఒకటి సూరిదేముడి చేతిలో పెట్టాడు.

"దీన్ని ఆరుబయట నాటి చలికాలం దాటించు. మాఘమాసంలో వస్తాను. చెట్టు నిలబడుంటే పిల్లనిస్తాను. చంటిబిడ్డలా చూసుకో."

ఇంకేముంది. ఎర్నమ్మ దానికి సాంబ్రాణి వేసి, ఆకుకి దిష్టిచుక్క పెట్టి, గోరువెచ్చని పాలు పోసింది. పోలయ్య జోల పాడాడు. సూరిదేముడు పిలక మొదలుకి చెవి ఆనించి, "నిద్రపోయిందమ్మా, మెల్లగా మాట్లాడు," అన్నాడు.

పాలకి చీమలు పట్టాయి, చలికి ఆకులు వాలాయి. సూరిదేముడు కన్నబాబు దగ్గరికి పరుగెత్తాడు.

"చెట్టు మొదట్లో ఎండుగడ్డి వెయ్యండిరా, వెచ్చగా ఉంటాది," అన్నాడాయన.

వేశారు. పోలయ్య గడ్డిలో చెయ్యి పెట్టి చూశాడు. "ఏటే, చల్లగానే ఉంది?"

"అంటించకుండా వెచ్చగెలా ఉంటాదయ్యా? అది కూడా నానే చెప్పాలా?" అంది ఎర్నమ్మ.

అంటించారు. అంతే, ఆకులన్నీ కమిలిపోయాయి. బోదె పచ్చిది కాబట్టి బతికిపోయింది.

మళ్ళీ పరుగు. నూకాలు గుమ్మంలో అల్లం కడుగుతోంది. "చెట్టెలా ఉంది?" అని మెల్లగా అడిగింది.

"వేడిగా ఉంది," అన్నాడు, ఆ పిల్ల వేళ్ళకంటిన మట్టినే చూస్తూ.

కన్నబాబు నెత్తి పట్టుకున్నాడు. "ఒరే, మంచు పడకుండా దానికో మంచి పైకప్పు వెయ్యండి. ఇంకేం చెయ్యకండి."

ఊళ్ళోకెల్లా మంచి పైకప్పు ఎవరిది? తమదే. ముగ్గురూ కలిసి ఇంటి మీది రెల్లుకప్పు దించి, నాలుగు గుంజలు పాతి, చెట్టు మీద పెట్టారు. చలికాలమంతా చెట్టు హాయిగా పెరిగింది. వీళ్ళు పొయ్యి చుట్టూ పళ్ళు టకటకలాడిస్తూ, "దానికి చలి లేదు కదా," అని ఒకళ్ళనొకళ్ళు ఓదార్చుకున్నారు.

మాఘంలో కన్నబాబు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చెట్టు కొత్త ఆకులేసి నిగనిగలాడుతోంది. ఆయన మొహం విప్పారింది. "నిలబెట్టావురా అల్లుడూ."

ఆ మాటకి సూరిదేముడి కాళ్ళు నేల మీద ఆనలేదు.

అప్పుడు కన్నబాబు ఇల్లు చూశాడు. గోడల మధ్య ఆకాశం. "మరి నా పిల్ల ఎక్కడ పడుకుంటాదిరా? ముందు ఇంటికి కప్పెయ్యండి, తర్వాత తాంబూలాలు. మేం ఏటికెళ్ళి కాళ్ళు కడుక్కొస్తాం."

తండ్రీకూతుళ్ళు తిరిగొచ్చేసరికి ఇంటికి కప్పు పడింది. పచ్చగా ఉంది. చెట్టు ఉండాల్సిన చోట మాత్రం రెల్లుకప్పు కింద జానెడు మోడు.

"చెట్టేదిరా?" అన్నాడు కన్నబాబు, నీరసంగా.

"ఇంటి మీదుంది మావా. ఆకులు పరిచి, ఎగిరిపోకుండా బోదె పెట్టాం. అక్కడైతే ఎండ కూడా బాగా తగుల్తాది."

నూకాలు ఓణీ చెంగు నోటికడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. సిగ్గుపడుతోందనుకుని సూరిదేముడు తాంబూలం కోసం చెయ్యి చాపాడు.