పిల్లికి పోయిన ఉద్యోగం

మల్లెలగిరి రాజు మార్తాండభూపతికి ఒకనాడు ఉన్నట్టుండి పొదుపు మీద మోజు పుట్టింది. "కొలువులో దండగ ఉద్యోగాలన్నీ ఏరి పారెయ్యి" అని దివాను భుజంగరాయుడికి చెప్పాడు.

దివానుకు అంతకంటే కావలసిందేముంది! మొదటి వేటు ఓబన్న మీద పడింది. రాజుగారి భోజనంలో విషముందేమోనని ముందుగా తిని చూడటం ఓబన్న పని. అతను తిన్నాక రెండు ఘడియలు ఆగి, మనిషి బతికే ఉన్నాడని రూఢి చేసుకుని, అప్పుడు పళ్లెం రాజుగారి ముందు పెట్టేవారు. పన్నెండేళ్లుగా ఇదే తంతు.

"ఈపాటి దానికి మనిషెందుకు ప్రభూ? పిల్లి చాలు" అన్నాడు దివాను.

సంగతి విని ఓబన్న భార్య చెన్నమ్మ గొల్లుమంది.

"ఏమయ్యా, పిల్లిపాటి చెయ్యలేకపోయావా?"

"అది తిని నోరు మూసుకుంటుందే. నేను తిని వంకలు పెట్టేవాణ్ని."

ఏడుస్తున్న మనిషి ఫక్కున నవ్వింది. పైకి అలా అన్నాడు గానీ ఓబన్నకు లోపల దిగులే. నలభై దాటాక, తినడం తప్ప వేరే పని తెలియనివాడికి ఎవరు పనిస్తారు?

"ఏ కూరలో ఏం పడుతుందో నీ నాలుకకు తెలుసు కదా. నువ్వు చెప్పు, నేను వండుతా" అంది చెన్నమ్మ కళ్లు తుడుచుకుని.

అలా బజారులో ఓబన్న పూటకూళ్ల ఇల్లు వెలిసింది. నెల తిరిగేసరికి జనం వాకిట్లో నిలబడి వంతు కోసం ఎదురుచూస్తున్నారు. ఆ సందడి దివాను కళ్లలో పడింది.

"ప్రభూ, మన గుత్తివంకాయ కూరను ఓబన్న బజారులో అమ్ముతున్నాడు!"

రాజుకు ఒళ్లు మండింది. స్వయంగా బయలుదేరి వచ్చాడు.

"రాచవంటను దొంగిలిస్తావా? ఈ పూటకూళ్ల ఇల్లు మూయించి నిన్ను ఊరు దాటిస్తాను!"

ఓబన్న చేతులు కట్టుకుని అన్నాడు: "ఒక్క ముద్ద తినండి ప్రభూ. మీ పళ్లెంలోకి వచ్చే కూర ఇదేనని మీరంటే, ఇప్పుడే తాళం పెట్టి వెళ్లిపోతాను. కాదంటే మమ్మల్ని ఇక్కడే బతకనివ్వాలి."

"సరే, అలాగే" అన్నాడు రాజు.

చెన్నమ్మ ఆకు వేసి పొగలు కక్కే అన్నం, కూర, నెయ్యి వడ్డించింది. ఓబన్న ముందుగా ఓ ముద్ద తిన్నాడు. దివాను పిల్లి కోసం భటుణ్ణి పరిగెత్తించాడు. అది వచ్చేలోగా ఆ వాసనకు రాజు ఆగలేకపోయాడు. వేళ్లు చురుక్కుమన్నాయి. ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటూ ఆకు ఖాళీ చేశాడు. నెయ్యి ఇలా కరిగి పారుతుందని పాపం ఆయనకు అంతవరకూ తెలియదు.

"ఇది నా వంటశాల కూర కానే కాదు!"

"అదే ప్రభూ! అవే పాళ్లు!" అన్నాడు దివాను కంగారుగా.

"నా నోటికి తెలియదా? ఇందులో ఇంకేదో ఉంది. ఏం కలిపావు ఓబన్నా?"

"ఏమీ కలపలేదు ప్రభూ. పొయ్యి మీంచి దించగానే వడ్డించాం."

రాజు కాసేపు ఆకు వంక చూశాడు. తర్వాత ఓబన్న వంక చూశాడు.

"అయితే పన్నెండేళ్లపాటు నువ్వు వేడిగా తిని, నాకు చల్లారింది పెట్టించావన్నమాట!"

"ప్రాణాలకు తెగించి తిన్నాను ప్రభూ!"

వాకిట్లో జనంతో పాటు రాజు కూడా పగలబడి నవ్వాడు. చేతి కడియం తీసి ఓబన్నకు తొడిగి, "రేపటి నుంచి మళ్లీ కొలువుకు రా" అన్నాడు.

"ఎలా రాను ప్రభూ? ఇక్కడ ఇంతమంది ఆకలితో నిలబడి ఉన్నారు."

"అయితే నేనే వస్తాను" అన్నాడు రాజు.