అరుగుల మీద హారతులు

సాలెవీధి చివర కాన్పుల ఆసుపత్రి కట్టిస్తానని భూస్వామి కోదండరామయ్య మాట ఇచ్చాడు. ఊరంతా ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది. చిక్కల్లా మట్టి ఎత్తే యంత్రం దగ్గరే వచ్చింది. రబ్బరు పట్టాల మీద నడిచే చిన్న లోడర్ చాలని మేస్త్రీ చెప్పాడు. అది బురదలో దిగబడదు, ఇరుకు వీధిలోనూ దూరుతుంది.

"నేను కొనేది ఆ బుల్లి బండా? నా పరువేం కావాలి?" అని కోదండరామయ్య కసిరాడు. "అన్నిటికంటే పెద్దదే తెప్పించండి. వీధిలో పట్టకపోతే ఇళ్ల ముందు అరుగులు కొట్టేయండి."

అరుగు మీద అట్లు పోసుకుని బతికే ఈదమ్మ ముందుకొచ్చింది.

"అలాగే కొట్టించండి బాబుగారూ, ఆసుపత్రి కంటే అరుగులెక్కువా? కానీ తమరిని ఆ బండి మీద కూర్చోబెట్టి వీధి పొడుగునా ఊరేగించాలని ఆడవాళ్లం అనుకుంటున్నాం. అరుగులు పోతే మేం ఎక్కడ నిలబడి హారతులివ్వాలో చెప్పండి."

ఆయన మీసం దువ్వుకుంటూ వీధి పొడుగునా అరుగులను చూశాడు. మర్నాడే చిన్న లోడర్ వచ్చింది.

ఊరేగింపు రోజు ప్రతి అరుగు మీదా హారతి వెలిగింది. నిండు నెలల కోడలిని పక్కన నిలబెట్టుకుని ఈదమ్మ కూడా పళ్లెం పట్టింది.

"ఏం ఈదమ్మా, ఈ బుల్లి బండి మీద నేను చిన్నగా కనిపించడం లేదు కదా?" అని ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పెద్ద బండయితే అందరం దాన్నే చూసేవాళ్లం బాబుగారూ. ఇప్పుడు మీరే కనిపిస్తున్నారు."