గుమ్మడిపువ్వుల క్షమాపణ

మంచు పలచబడే రోజుల్లో ఏరు ఒక పక్కకు ఒదిగి సన్నటి పాయగా మిగులుతుంది. అప్పుడు బయటపడే ఇసుకతిన్నెను అడవి అంచున ఉండే జంతువులన్నీ మడులుగా పంచుకునేవి. గుంటలు తవ్వి, పెంట వేసి, గుమ్మడి గింజలు పెట్టేవి. మడులు పంచేది ముసలి తాబేలు. అందరూ ఆయన్ని తాత అనేవాళ్ళు. అసలు పేరు ఆయనకే గుర్తులేదు. అక్కడ కట్టుబాటు ఒక్కటే. ఉగాది నాటికి ఎవరి మడిలో కాయ ఉండదో, వాళ్ళ మడి అందరికంటే ఎక్కువ కాయించినవాళ్ళకు పోతుంది.

గేదె గవరమ్మ మడి అన్నిటికంటే చివర, మడుగు పక్కన. ఏరంతా ఎండినా ఆ మడుగు ఎండదు. మేకకు కాస్త నీడ దొరికితే చాలు, గాడిదకు అదీ అక్కర్లేదు. గేదెకు మాత్రం మెడదాకా మునిగే నీళ్ళు లేకపోతే వేసవి గడవదు. మడి పోతే మడుగూ పోతుంది. మడుగు పోతే? ఆ తర్వాత సంగతి ఆలోచించడం గవరమ్మ వల్ల కాలేదు.

అసలే గవరమ్మకు ఆలోచన కాస్త నెమ్మది. ఎవరైనా ఒక మాట చెబితే ముందు గడ్డిలా మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరు వేసేది. నెమరు వేశాక కూడా అర్థం కాకపోతే, ఇంకోసారి చెప్పమనడానికి మొహమాటపడేది.

శివరాత్రి వెళ్ళింది. పాదులు ఇసుకంతా పాకి, ఒక తెల్లవారుజామున పసుపుపచ్చటి పువ్వులు పూశాయి. అందరూ మడుల మధ్య నిలబడి మురిసిపోతుంటే నక్క నాగభూషణం ఇసుకదిబ్బ ఎక్కాడు. దిబ్బ కనబడితే ఎక్కకుండా ఉండలేడు, ఎక్కితే మాట్లాడకుండా దిగలేడు.

"ఒక్క మాట! ఈ పువ్వుల్లో రెండు రకాలున్నాయి, ఎవరైనా చూశారా? ఒక రకం కింద గోలీ అంత పిందె ఉంది. రెండో రకం కింద ఏముంది?"

"కాడ," అంది గవరమ్మ.

"ఉత్త కాడ! సన్నగా, పొడుగ్గా, దర్జాగా. పిందె లేదు, కాసే ఉద్దేశమూ లేదు. పాదు తాగే నీళ్ళలో మాత్రం వాటా కావాలి! ఒకరు కడుపున మోస్తుంటే ఇంకొకరు సింగారించుకుని కూర్చోవడమా? ఇది న్యాయమా అని అడుగుతున్నాను!"

"అన్యాయం!" అన్నాడు గాడిద గురవయ్య. దిబ్బ మీద ఎవరున్నా గురవయ్య మొదటి మాట అదే.

మేక చిట్టెమ్మ గడ్డం ఎగరేసింది. "ఏమయ్యా, ఇన్నేళ్ళూ ఈ ఉత్త కాడలు ఉండగానే కాయలు కాశాయి కదా?"

"కాశాయి. అవి లేకపోతే ఇంకెన్ని కాసేవో లెక్క చూశావా?"

"లేదు."

"చూడని లెక్క పట్టుకుని వాదనేమిటమ్మా?"

చిట్టెమ్మ నోరు మూసుకుంది. ఓడిపోయానని కాదు, ఎక్కడ ఓడిపోయిందో కనబడక.

గవరమ్మకు ఒక చిన్న అనుమానం వచ్చింది. పనికిరాని పువ్వునైతే పాదు అసలు పూయడమెందుకు? అడుగుదామని నోరు తెరిచేసరికి చుట్టూ అందరూ తలూపుతున్నారు. తనూ ఊపింది. తలకాయ పెద్దది కావడంతో అందరికంటే బాగా అదే కనబడింది.

"చూశారా, గవరమ్మక్కకే అర్థమైంది!" అన్నాడు నాగభూషణం. "రోజూ తెల్లారగానే ఆ సోమరి పువ్వుల్ని కోసేయండి. మడిలో పడేస్తే పురుగు పడుతుంది, అందుకని బుట్టలో వేసి నాకివ్వండి. ఏట్లో పారేసే శ్రమ నాది. ఇదిగో, అందరికంటే ముందు నా మడిలోవే కోస్తున్నాను." అందరి ముందూ పటపటా కోసేశాడు.

ఆ రోజు నుంచి తెల్లారితే కోత. పోగైన పువ్వులన్నీ నాగభూషణం బుట్టలోకి.

వారం తిరిగేసరికి గవరమ్మ మడిలో పిందెలు పసుపు తిరిగాయి. మెత్తబడ్డాయి. మూతి తగిలితే చాలు, రాలిపోతున్నాయి. నీళ్ళు చాలలేదేమో అనుకుంది. మడుగులో దొర్లి, ఒంటినిండా నీళ్ళతో పరుగున వచ్చి పాదుల మీద విదిలించింది. ఎరువు చాలలేదేమో అనుకుంది. దానికి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, తన దగ్గరే ఉంది. అయినా పిందెలు రాలుతూనే ఉన్నాయి.

నాగభూషణాన్ని అడిగితే, "నీళ్ళు ఎక్కువయ్యాయక్కా," అన్నాడు.

ఆ మాట చిట్టెమ్మతో చెబితే అది ఎగిరిపడింది. "నా పిందెలూ రాలుతున్నాయి వదినా. నాకేమో నీళ్ళు చాల్లేదన్నాడు!"

"నీకు చాలక రాలాయి, నాకు ఎక్కువై రాలాయి. మరి గురవయ్యకో?"

"గురవయ్య పాపాత్ముడట. అతనూ ఒప్పేసుకున్నాడు."

ముగ్గురి మడులూ పక్కపక్కనే, ఇసుక ఒకటే, ఎండ ఒకటే. గవరమ్మ దీన్ని మధ్యాహ్నమంతా నెమరు వేసింది. ఎటు నమిలినా నలగలేదు. పైగా నాగభూషణం మడిలో కాయలు బుల్లి కుండల్లా ఊరుతున్నాయి. అతనేమో రోజూ గవరమ్మ మడుగు ఒడ్డున నిలబడి, నీళ్ళలో ఎండ్రకాయల్ని చూసి మూతి నాక్కుంటున్నాడు.

"ఏం తమ్ముడూ, ఇటొచ్చావు?"

"ఏం లేదక్కా. వేసవికి ఇక్కడ ఎలా సర్దుకోవాలో చూసుకుంటున్నా."

గవరమ్మ తన పాదులకేసి చూసింది. ఉగాది దగ్గరకొస్తోంది. మడిలో ఒక్క కాయ లేదు.

మర్నాడు పువ్వులు ఇచ్చేశాక, బుట్ట మోసుకుని పోతున్న నాగభూషణాన్ని చూస్తూ నిలబడింది. ఏదో తేడాగా ఉంది. చాలాసేపటికి తోచింది. ఏట్లో పారేస్తానన్నాడు కదా? ఏరు ఇటుంటే అటు పోతున్నాడేమిటి?

దారి తప్పాడేమో, చెబుదామని వెనకాలే నడిచింది.

నాగభూషణం తన మడిలో ఉన్నాడు. ఒక పువ్వుకు రేకులన్నీ పీకేసి, కాడ నోట కరుచుకుని, దాని మధ్యనున్న కంకిని పిందెపువ్వు లోపల మెల్లగా అద్దుతున్నాడు. ఒకటయ్యాక ఇంకోటి. ముక్కంతా పసుపు పుప్పొడి.

"ఏం చేస్తున్నావు తమ్ముడూ?"

నాగభూషణం ఉలిక్కిపడి పువ్వును ఉమ్మేశాడు. కానీ అబద్ధం కోసం ఎప్పుడూ తడుముకోనివాడు కదా.

"క్షమాపణ చెప్పిస్తున్నా అక్కా."

"ఎవరికి?"

"పిందెపువ్వులకి. ఇన్నాళ్ళూ కూర్చుని తిన్నాయి కదా ఈ సోమరి పువ్వులు! ఏట్లో పారేసేముందు తల వంచి తప్పు ఒప్పుకోవాలి. ఎంతైనా మనం ధర్మం తప్పకూడదు."

"ఓహో," అని గవరమ్మ వెనక్కి తిరిగింది.

దారిలో నెమరు మొదలైంది. సోమరి పువ్వులు తప్పు చేశాయి. నిజమే. తప్పు ఒప్పుకోవాలి. అదీ నిజమే. కానీ నా పువ్వులు కూర్చుని తిన్నది నా పాదులో కదా? కష్టపెట్టింది నా పిందెల్ని కదా? మరి క్షమాపణ నాగభూషణం పిందెలకు చెబుతాయేమిటి?

ఎంత నమిలినా ఈ ముద్ద గొంతు దిగలేదు.

తెల్లారింది. బుట్టతో వచ్చాడు నాగభూషణం.

"ఇవ్వనులే తమ్ముడూ. నా పువ్వులు నా పిందెలకే చెప్పుకోవాలి కదా క్షమాపణ."

నాగభూషణం బుట్ట కింద పెట్టాడు. "అక్కా, అందులో చాలా సూక్ష్మం ఉంది. నీకు అర్థం కాదు."

"అవును, అర్థం కాలేదు," అంది గవరమ్మ. ఆ మాట బయటికి అనడం ఆమెకు అదే మొదటిసారి. అన్నాక ఎంతో తేలికనిపించింది. అందుకని ఇంకోసారి అంది. "ఒక్క ముక్కా అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఇవ్వను."

నాగభూషణం బతిమాలాడు, కోప్పడ్డాడు, ధర్మం అన్నాడు, న్యాయం అన్నాడు. ఆమె తోక ఊపింది కానీ తల ఊపలేదు. అతను వెళ్ళాక పువ్వు కరుచుకుని, ఒక్కో పిందెపువ్వు దగ్గరా తల వంచి, "తప్పయిపోయిందమ్మా" అంటూ అద్దుకుంటూ పోయింది.

కొన్నాళ్ళకు పిందెలు రాలడం ఆగింది. పచ్చగా, గట్టిగా, రోజురోజుకూ లావెక్కుతున్నాయి. చిట్టెమ్మ కంచె మీంచి తొంగిచూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఏం మందు వేశావు వదినా?"

"మందు కాదు, క్షమాపణ."

చిట్టెమ్మ పడీపడీ నవ్వింది. కానీ మర్నాడు తన పువ్వులూ ఇవ్వలేదు. బుట్ట తేలికైపోతుంటే నాగభూషణం ఇక ఊరుకోలేకపోయాడు. తనే పరుగున వెళ్ళి తాతను పిలుచుకొచ్చి, అందరినీ పోగుచేసి, దిబ్బ ఎక్కాడు.

"కట్టుబాటు నాశనమైపోతోంది! అందరం కలిసి అనుకున్న మాట తప్పి ఈ గవరమ్మ సోమరి పువ్వుల్ని దాచుకుంటోంది!"

"దాచుకోవడం లేదు తాతా," అంది గవరమ్మ. "క్షమాపణ చెప్పిస్తున్నాను."

జంతువులన్నీ గొల్లున నవ్వాయి. అందరికంటే గట్టిగా నాగభూషణమే నవ్వాడు. "విన్నారా? పువ్వులు క్షమాపణ చెబుతాయట! ఇంతకంటే వెర్రి ఎక్కడైనా ఉందా?"

గవరమ్మ అయోమయంగా అతని వంక చూసింది. "వెర్రా? మరి రోజూ తెల్లారగానే నువ్వు చెప్పిస్తున్నావు కదా తమ్ముడూ, మా పువ్వులన్నిటి చేతా, నీ మడిలో? నేను చూశాను. నువ్వే చెప్పావు."

నవ్వు ఆగిపోయింది. అందరి చూపూ నాగభూషణం మీదికి తిరిగింది. పొద్దున్నే పని ముగించుకుని తిన్నగా వచ్చాడేమో, ముక్కు మీద పుప్పొడి ఇంకా మెరుస్తోంది.

చిట్టెమ్మకు అంతా ఒక్కసారిగా వెలిగింది. ముందుకు దూకింది.

"నాగభూషణం గారూ, తమరు పెద్ద వాదులు కదా, రెండిట్లో ఒకటి చెప్పండి. పువ్వులు క్షమాపణ చెబుతాయంటారా? అలాగైతే మా పువ్వులు మా మడుల్లోనే చెబుతాయి, తమ బుట్ట మాకెందుకు? చెప్పవంటారా? అలాగైతే ఏట్లో పారేస్తానని పట్టుకెళ్ళిన మా పువ్వులతో తమ మడిలో ఏం చేస్తున్నారు? ఆ ముక్కు మీద పసుపేమిటి? పేరంటానికి వెళ్ళొచ్చారా?"

"అది... ఇందులో మూడో కోణం ఒకటుంది..."

"చెప్పండి, వింటాం."

మూడో కోణం లేదు. నాగభూషణం దిబ్బ మీదే నిలబడి ఉన్నాడు కానీ దిబ్బ పొట్టిదైపోయినట్టనిపించింది.

"అన్యాయం!" అన్నాడు గురవయ్య. ఈసారి ఆ మాట దిబ్బ మీదున్నవాడికే తగిలిందని అతనికే ఆశ్చర్యం వేసింది.

తాత మెల్లగా గవరమ్మ మడిలోకి పాకి, పువ్వు పక్కన పువ్వు పెట్టి చూశాడు. "ఈ పసుపు పొడి ఆ పువ్వుకు అంటితేనే పిందె నిలుస్తుందన్నమాట. ఇన్నేళ్ళూ ఆ పని తేనెటీగలు చేసిపెడుతుంటే మనం చూడలేదు. ఇప్పుడు మనమే కోసేసి, వాటికి మోయడానికి పొడే లేకుండా చేశాం. చేయించింది నువ్వు, నాగభూషణం. మడులన్నీ నీకే దక్కాలని."

"అయితే తాతా," అంది గవరమ్మ, "పువ్వులు క్షమాపణ చెప్పనట్టా, చెప్పినట్టా?"

"పువ్వులు తప్పు చేయలేదు తల్లీ. చేసినవాడు ఇక్కడ నిలబడ్డాడు, అతనే చెబుతాడు." తాత మెడ బయటికి చాచాడు. "ఉగాదికి ఎక్కువ రోజుల్లేవు. తేనెటీగలు మళ్ళీ ఇటు అలవాటు పడేదాకా పువ్వు పట్టుకుని మడిమడికీ తిరిగి అద్దేది నాగభూషణమే. ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు మనలో అతనొక్కడే. ముందు అందరి మడులూ, ఆఖర్న తనది."

ఉగాది నాటికి ఏ మడీ చేతులు మారలేదు. గురవయ్య మడిలో కూడా పిడికెడంత కాయ ఒకటి నిలిచింది. గవరమ్మ మడుగులో మెడదాకా మునిగి, సోమరి పువ్వులు సోమరివి కాకపోతే వాటిని ఏమని పిలవాలో ఇంకా నెమరు వేస్తూనే ఉంది.

నాగభూషణం మాత్రం చీకటితోనే లేచి, నోట పువ్వు కరుచుకుని, ఇంకొకరి పాదుల మధ్య తల వంచుకుని తిరిగేవాడు. తన మడికి చేరేసరికి ఎండెక్కి పువ్వులన్నీ ముడుచుకుపోయేవి. దారిలో ఎన్ని దిబ్బలు కనబడినా ఎక్కేవాడు కాదు. ఎక్కి మాత్రం ఏం లాభం? నోట్లో పువ్వు ఉన్నంతసేపూ మాట్లాడటానికి వీల్లేదు.

నీతి: అర్థం కాకుండానే తలూపేవాళ్ళ మధ్య మోసగాడు మహావక్త అవుతాడు, అర్థం కాలేదని నోరు తెరిచి చెప్పేవాళ్ళు ఒక్కరున్నా చాలు, వాడి నోరు మూతపడుతుంది.